డబ్బు కట్టి ఓల్డేజ్ హోమ్‌లో ఉంటున్నారా? ఒప్పందం నుంచి ఫిర్యాదు దాకా పెద్దవాళ్లు తెలుసుకోవాల్సినవి

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో నెలనెలా డబ్బు కట్టి హోమ్‌లో ఉండే పెద్దవాళ్లు ఇప్పుడు కొత్త కాదు. కొడుకు బెంగళూరులో, కూతురు హైదరాబాద్‌లో ఉంటారు. కడప వైపైతే చాలామంది పిల్లలు కువైట్‌లో ఉంటారు. ఇంటి దగ్గర చూసుకునే మనిషి దొరకదు. అలా చేరిన పెద్దవాళ్లలో చాలామంది ఏదైనా తేడా వచ్చినా గమ్మున ఉండిపోతారు. "వాళ్లు దయతలచి చూస్తున్నారు, ఏమన్నా అంటే మనసులో పెట్టుకుంటారు" అనుకుంటారు.

డబ్బు కట్టినచోట దయ అనే లెక్క లేదు. మీరు అక్కడ కస్టమర్. చట్టం కూడా మిమ్మల్ని అలాగే చూస్తుంది. అందుకే దీన్ని ముందుగా పెద్దవాళ్లే చదవాలని రాస్తున్నాను. కళ్లు సరిగా కనపడకపోతే మనవడితోనో మనవరాలితోనో చదివించుకోండి, కానీ మీరే వినండి. పిల్లలకు తెలిస్తే చాలులే అని వదిలేయకండి. రాత్రి రెండు గంటలకు ఆ గదిలో ఉండేది మీరు.

మొదటి అడుగు: అది ఏ రకం హోమో కనుక్కోండి

ఉచితంగా నడిపే ఆశ్రమం వేరు, ఫీజు తీసుకునే హోమ్ వేరు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ఉచిత సేవకు వర్తించదు, డబ్బు తీసుకుని చేసే సేవకు వర్తిస్తుంది. ఉచిత ఆశ్రమంలో ఉన్నవాళ్లకు దారులు మూసుకుపోలేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007 ఉంది, కలెక్టరేట్ ఉంది, పోలీసులు ఉన్నారు. కస్టమర్ల ఫిర్యాదులు విని తీర్పు ఇచ్చే వినియోగదారుల కమిషన్ గడప మాత్రం ఎక్కలేరు.

ఇక్కడ ఒక మంచి విషయం చాలామందికి తెలియదు. డబ్బు కొడుకు కట్టినా, అతని ఒప్పుదలతో ఆ సేవ పొందుతున్న తల్లి కూడా చట్టం దృష్టిలో వినియోగదారే. కాబట్టి "డబ్బు కట్టేది నీ కొడుకు, నువ్వెవరు అడగడానికి" అని ఎవరైనా అంటే ఆ మాట చెల్లదు.

తర్వాత రిజిస్ట్రేషన్ కాగితం చూపించమనండి. సొసైటీనా, ట్రస్టా, కంపెనీనా? బోర్డు మీద ఉన్న పేరు, రిజిస్ట్రేషన్‌లో ఉన్న పేరు, రసీదు మీద వచ్చే పేరు మూడూ ఒకటేనా? వేరువేరుగా ఉంటే రేపు ఫిర్యాదు ఎవరి మీద పెట్టాలన్నదే పెద్ద చిక్కు అవుతుంది. వంటగదికి ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) నంబర్ ఉందా అని కూడా అడగండి, అది 14 అంకెలు ఉంటుంది.

రెండో అడుగు: చూడ్డానికి ఒకసారి కాదు, రెండుసార్లు వెళ్లండి

ఒకసారి చెప్పి వెళ్లండి, ఇంకోసారి చెప్పకుండా మధ్యాహ్నం అన్నం వేళకు వెళ్లండి. వేసవిలో వెళ్లగలిగితే ఇంకా మేలు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పైఅంతస్తు రేకుల గదిలో మధ్యాహ్నం మూడింటికి పది నిమిషాలు కూర్చుంటే బ్రోచర్ చెప్పని సంగతి ఒళ్లే చెబుతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ ఎన్ని గంటలు వస్తుంది, బోరు ఎండితే ట్యాంకర్ ఎవరు తెప్పిస్తారు, ఆ ఖర్చు బిల్లులో వేస్తారా అని అడగండి. అనంతపురంలో ఈ నీళ్ల ప్రశ్న అడగకుండా ఏ హోమ్‌లోనూ చేరకూడదు.

కర్నూలులో అయితే ఇంకో ప్రశ్న ఉంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగిన సంగతి మరిచిపోలేం. నదికి దగ్గర్లో ఉన్న హోమ్ అయితే, మంచాన ఉన్నవాళ్లను పైకి ఎలా తీసుకెళ్తారో చెప్పమనండి. తడుముకుంటే ఆ ఆలోచనే చేయలేదని అర్థం.

బాత్‌రూమ్‌ను గుమ్మం దగ్గర నిలబడి చూస్తే చాలదు. లోపలికి వెళ్లి కమోడ్ మీద కూర్చుని, పక్కనున్న కడ్డీ పట్టుకుని లేవండి. కడ్డీ చేతికి అందుతుందా? బలంగా ఉందా, ఊగుతోందా? బెల్లు కింద పడిన మనిషికి కూడా అందేంత కిందికి ఉందా? నేల తడిగా ఉంటే ఎంతసేపటికి తుడుస్తారు? పెద్దవయసులో తుంటి విరిగితే మళ్లీ లేచి నడవడం చాలా కష్టం, అందుకే గది అందం కన్నా ఈ కడ్డీయే ముఖ్యం.

రాత్రిపూట ఎంతమంది సిబ్బంది ఉంటారో, మంచాన ఉన్నవాళ్లు ఎంతమందో విడివిడిగా అడగండి. పగటి లెక్క చెప్పి తప్పించుకుంటారు. అక్కడ ఉంటున్నవాళ్లతో మేనేజర్ పక్కన లేకుండా మాట్లాడండి. "అవ్వా, రాత్రి బెల్లు కొడితే ఎవరైనా వస్తారా? రసీదు ఇస్తారా? నీ ఫోన్ నీ దగ్గరే ఉంటుందా?" ఈ మూడింటికి వచ్చే జవాబు చాలు.

సుగర్ ఉంటే సంగటి, జొన్నరొట్టె పెడతారా అని కూడా అడగండి. మూడు పూటలా తెల్లన్నమే అయితే మాత్రల ఖర్చు పెరుగుతుంది.

మూడో అడుగు: ఒప్పందాన్ని వాక్యం వాక్యం చదవండి

అసలు పని ఇక్కడే. హోమ్‌లతో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం, ఒప్పందంలో ఏముందో చేరేటప్పుడు ఎవరూ చదవకపోవడం వల్లే వస్తాయి. కాగితం ఇంటికి తెచ్చుకుని రెండు రోజులు పెట్టుకోండి. అక్కడికక్కడే సంతకం చేయమంటే చేయకండి. ఇంగ్లీషులో ఉంటే తెలుగు కాపీ అడిగి, దాని మీద కూడా రెండువైపులా సంతకాలు తీసుకోండి. చేరే మనిషికి జ్ఞాపకశక్తి బాగానే ఉంటే ఆ సంతకం ఆ మనిషిదే ఉండాలి, పిల్లలది పక్కన.

డిపాజిట్ సంగతి మొదట చూడండి. "అడ్వాన్స్ ఎట్టి పరిస్థితిలోనూ వాపసు ఇవ్వబడదు" అన్న వాక్యం కనిపిస్తే పెన్ను కింద పెట్టేయండి. ఎంత కోత, ఎన్ని రోజుల్లో వాపసు, ఎవరి ఖాతాకు అన్నది రాసి ఉండాలి. మనిషి చనిపోతే ఆ డబ్బు ఎవరికి ఇస్తారో కూడా రాయించండి. ఈ మాట ఎత్తడానికి అందరూ మొహమాటపడతారు. చేరినరోజు రెండు నిమిషాలు ఓర్చుకుంటే, తర్వాత పిల్లలు ఏడ్చే వేళలో ఆఫీసు చుట్టూ తిరిగే పని తప్పుతుంది.

తర్వాత ఫీజు పెంపు. ఏడాదికి ఎంత శాతం, ఎన్ని నెలల ముందు చెబుతారు? పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉంటే ఆ రోజుల భోజనం డబ్బు తగ్గిస్తారా? నెల మధ్యలో వెళ్లిపోతే మొత్తం నెల కట్టాలా?

"సకల వైద్య సౌకర్యాలు" అని రాసి ఉంటే ఆ మాటకు అర్థం లేదు. డాక్టర్ వారానికి ఎన్నిసార్లు వస్తారు, బీపీ, సుగర్ ఎన్ని రోజులకు చూస్తారు, ఫిజియోథెరపీ ఫీజులో కలిసి ఉందా, ఆసుపత్రిలో చేరిస్తే పక్కన ఉండే మనిషి ఖర్చు ఎవరిది అని ఒక్కొక్కటీ రాయించుకోండి. అత్యవసరమైతే ఎక్కడికి తీసుకెళ్తారో కూడా పేరుతో సహా ఉండాలి. కర్నూలు, అనంతపురం ప్రభుత్వ పెద్దాసుపత్రులకా (జీజీహెచ్), కడప రిమ్స్‌కా, లేక మీకు ఇన్సూరెన్స్ ఉన్న ప్రైవేటు ఆసుపత్రికా?

పంపించేసే షరతు కూడా చూడండి. కొన్ని హోమ్‌లు "పూర్తిగా మంచాన పడితే ఉంచుకోం" అని చిన్న అక్షరాల్లో పెడతాయి. సిబ్బంది లేనిచోట మంచాన పడ్డ మనిషిని ఉంచుకోకపోవడమే మంచిది కావచ్చు. ఎన్ని రోజుల ముందు చెబుతారు, వేరే చోటు దొరికేదాకా ఉంచుతారా అన్నది మాత్రం తేలాలి.

"ఎటువంటి సంఘటనకూ యాజమాన్యం బాధ్యత వహించదు" అనే వాక్యం చూసి భయపడకండి. అది రాసుకున్నంత మాత్రాన నిర్లక్ష్యం మాఫీ అయిపోదు. సేవలో లోపం జరిగిందా లేదా అన్నది కమిషన్ విడిగా చూస్తుంది. 2019 చట్టంలో "అన్యాయమైన ఒప్పందం" అనే అంశం కొత్తగా చేర్చారు. మితిమీరిన డిపాజిట్, సరైన కారణం లేకుండా ఒకవైపే రద్దు చేసుకునే హక్కు, తప్పుకు పొంతన లేని జరిమానా ఇవన్నీ దాని కిందికి వస్తాయి. ఒప్పందమే అన్యాయమని వాదించాలంటే విజయవాడలోని రాష్ట్ర కమిషన్‌కు వెళ్లాలి. సేవ సరిగా లేదన్న ఫిర్యాదు అయితే మన జిల్లా కమిషన్ చాలు.

నాలుగో అడుగు: బిల్లు చదవడం

ఇలాంటి బిల్లు చేతికి వచ్చిందనుకుందాం. వసతి, భోజనం 14,000. నర్సింగ్ 1,500. డైపర్లు 1,200. ఇతరాలు 1,850. మొత్తం 18,550.

మొదటి వరుస ఒప్పందంలో ఉన్నదే, వదిలేయండి. నర్సింగ్ అంటే ఏం చేశారు? నాలుగుసార్లు బీపీ చూశారా, రోజూ ఇన్సులిన్ వేశారా? తేదీలతో చూపించమనండి. డైపర్లు ఎన్ని ప్యాకెట్లు, ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఎంత? ఎంఆర్‌పీ కన్నా ఎక్కువ వేయకూడదు. షాపు బిల్లు జతచేయమని అడగండి, లేదా డైపర్లు మేమే తెచ్చుకుంటాం అని చెప్పండి. ఇక "ఇతరాలు" అన్న వరుసను ఒప్పుకోకండి. ఏమేమి కలిస్తే 1,850 అయిందో విడగొట్టి రాయాల్సిందే.

అడిగే తీరు మెత్తగా ఉండొచ్చు. "నాయనా, ఈ ఇతరాలు అంటే ఏందో రాసియ్యి, మా వాడికి పంపాల" అంటే ఎవరూ తప్పు పట్టరు.

జీఎస్టీ వేస్తే ఒక విషయం గుర్తుపెట్టుకోండి. ఆదాయపు పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా రిజిస్టరైన సంస్థ నడిపే హోమ్‌లో 60 దాటినవాళ్లకు, వసతి, భోజనం, నిర్వహణ అన్నీ కలిపి నెలకు మనిషికి 25,000 రూపాయల వరకు జీఎస్టీ మినహాయింపు ఉంది. ప్రైవేటు కంపెనీ నడిపేది అయితే పన్ను పడొచ్చు, అప్పుడు బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉండాలి.

డబ్బు బ్యాంకు ద్వారానో ఫోన్‌పే ద్వారానో కట్టండి. నగదు ఇస్తే రసీదు చేతికి వచ్చాకే లేవండి. బిల్లు ఇవ్వకపోవడం చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి.

ఐదో అడుగు: ఏటీఎం కార్డు, సంతకం, ఆస్తి

ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పొద్దు, ఎంత మంచివాడైనా సరే. ఖాళీ చెక్కు మీద, ఖాళీ కాగితం మీద సంతకం గానీ వేలిముద్ర గానీ వేయొద్దు. బ్యాంకుకు వెళ్లలేకపోతే, 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గరే బ్యాంకింగ్ సేవలు ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ 2017లో బ్యాంకులకు చెప్పింది. మీ బ్రాంచికి ఫోన్ చేసి అడగండి.

"నీ ఇల్లు మా ట్రస్టుకు రాసివ్వు, చివరిదాకా చూసుకుంటాం" అన్న మాట వస్తే చాలా జాగ్రత్తగా ఉండాలి. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: రాసివ్వకండి. ఇవ్వాలనే ఉంటే వీలునామాలో పెట్టండి. దానికి ఇద్దరు సాక్షులు చాలు, మీరు బతికున్నంతకాలం ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు. గిఫ్ట్ డీడ్ (దానపత్రం) అలా కాదు. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే 2007 చట్టంలోని 23వ సెక్షన్ ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి తీసుకుని చూసుకోకపోతే ఆ బదిలీని ఆర్డీఓ ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. ఆస్తి తీసుకున్నది కన్నబిడ్డలే కానక్కర్లేదు, ఎవరైనా ఇది వర్తిస్తుంది. షరతు ఉన్నట్టు తేలాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఒక తల్లి కేసులో, ఈ చట్టాన్ని పెద్దల మేలు కోరి ఉదారంగా చదవాలని కూడా చెప్పింది. కాబట్టి షరతు డీడ్‌లోనే అక్షరాలా ఉంటే వాదన సులువు.

ఆరో అడుగు: రోజువారీ కనిపెట్టుకోవాల్సినవి

ఒక చిన్న నోటుబుక్కు దిండు కింద పెట్టుకోండి. తేదీ, ఏం జరిగింది, ఎవరున్నారు, అంతే. రాయలేకపోతే ఫోన్‌లో మాట రికార్డు చేసి కూతురికి వాట్సాప్ పంపండి. ఆ మెసేజ్‌కు తేదీ, టైము దానంతటవే పడతాయి.

మాత్రల విషయంలో మాత్రం పిల్లలు కళ్లు తెరిచి ఉండాలి. హోమ్‌లో చేరిన కొన్నాళ్లకు మనిషి పగలంతా మగతగా ఉంటే "వయసు" అని సరిపెట్టుకోకండి. ఏ మాత్రలు ఇస్తున్నారు, ఏ డాక్టర్ చీటీ మీద ఇస్తున్నారో అడిగి, చీటీ ఫొటో తీసుకోండి. నిద్రమాత్ర కొత్తగా చేరిందేమో మీ డాక్టర్‌కు చూపించండి.

గదికి బయట నుంచి గొళ్లెం పెట్టడం, మంచానికి కట్టేయడం, ఫోన్ లాక్కోవడం సేవాలోపంతో ఆగే విషయాలు కావు. మనిషిని అక్రమంగా నిర్బంధించడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. అలాంటప్పుడు లేఖలు రాస్తూ కూర్చోవద్దు, 112కు ఫోన్ చేయండి.

ఏడో అడుగు: తేడా వస్తే

ముందు మేనేజర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. పెద్ద భాష అక్కర్లేదు. ఇలా ఉంటే చాలు:

"మేనేజర్ గారికి, నేను ఫలానా గదిలో ఉంటున్నాను. మన ఒప్పందంలో 6వ అంశం ప్రకారం వారానికి ఒకసారి డాక్టర్ రావాలి. జూలై 3 తర్వాత రాలేదు. ఈ మూడు వారాలకు వైద్యం కింద తీసుకున్న డబ్బు వచ్చే బిల్లులో తగ్గించాలి. ఇకపై డాక్టర్ వచ్చిన తేదీ రిజిస్టర్‌లో రాసి నా సంతకం తీసుకోవాలి. 7 రోజుల్లో జవాబు రాసివ్వగలరు."

ఒప్పందంలో ఏముంది, ఏం జరిగింది, ఏం కావాలి, ఎప్పటిలోగా అన్నవి నాలుగూ ఇందులో ఉన్నాయి. కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

ఫిర్యాదు చేస్తే అన్నం సరిగా పెట్టరేమో, ఆయా విసుక్కుంటుందేమో అన్న భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా తీసేయలేను. అందుకే వీలైతే నలుగురైదుగురు కలిసి సంతకాలు పెట్టండి. ఆ రెండు వారాలు పిల్లలు రోజూ వీడియో కాల్ చేయాలి, దగ్గరి బంధువు ఒకరు వచ్చి కనిపించాలి. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే ప్రవర్తన మారుతుంది.

జవాబు రాకపోతే రెండు ఫోన్ నంబర్లు. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. చాలా డబ్బు గొడవలు ఇక్కడే తేలిపోతాయి. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే గ్రీవెన్స్‌లో కూడా అర్జీ ఇవ్వొచ్చు.

అప్పటికీ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కర్నూలు, అనంతపురం, కడప మూడుచోట్లా ఉన్నాయి. హోమ్‌కు కట్టిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే జిల్లాలోనే వేయొచ్చు, 5 లక్షల వరకు అయితే ఫీజే లేదు. లాయర్ తప్పనిసరి కాదు. హోమ్ బెంగళూరులో ఉన్నా, ఫిర్యాదుదారు నివాసం కడప అయితే కడపలోనే వేయొచ్చు. ఆన్‌లైన్‌లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా పంపొచ్చు, విచారణకు వీడియో ద్వారా హాజరవుతామని కోరవచ్చు. గొడవ మొదలైన రెండేళ్లలోపు వేయాలి, ఈ గడువు మాత్రం మరిచిపోకండి. నోటీసు అందిన మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది గానీ ఆచరణలో ఆలస్యం అవుతుంది, దానికి సిద్ధపడే వెళ్లండి.

గొడవ హోమ్‌తో కాకుండా పిల్లలతో అయితే, అంటే ఫీజు కట్టడం మానేస్తే, దారి వేరు. ఆర్డీఓ ఆధ్వర్యంలోని ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టండి. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం 2007 చట్టం ఇచ్చింది. నోటీసు అందిన 90 రోజుల్లో తేల్చాలి, ఇంకో 30 రోజులు పొడిగించవచ్చు. పిల్లలు లేనివాళ్లు, తమ ఆస్తికి వారసులు కాబోయే బంధువు మీద అర్జీ పెట్టవచ్చు. తీర్పు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టర్‌కు అప్పీలు.

ఉచిత న్యాయ సహాయానికి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, ఫోన్ 15100. ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పనిలేకుండా సాయం అందుతుంది.

ఎనిమిదో అడుగు: పక్క గదివాళ్లకు నేర్పండి

ఒక్కరికి తెలిస్తే ఆ ఒక్కరినే గొడవ మనిషి అంటారు, పదిమందికి తెలిస్తే అది హోమ్ పద్ధతి అవుతుంది. సాయంత్రం టీ తర్వాత అరగంట కూర్చోండి. ఒక రోజుకు ఒకే విషయం, ఈరోజు రసీదు అయితే వచ్చే వారం మాత్రలు. ఉపన్యాసం వద్దు. ఒకరు మేనేజర్‌గా కూర్చోవాలి, ఇంకొకరు రసీదు అడగాలి. మొదటిసారి గొంతు పెగలని అవ్వ మూడోసారికి గట్టిగానే అడుగుతుంది.

చదువురానివాళ్ల కీప్యాడ్ ఫోన్‌లో 1 నొక్కితే బిడ్డకు, 2 నొక్కితే 14567కు వెళ్లేలా పెట్టించండి. గోడ మీద పెద్ద అక్షరాలతో 14567, 1915, 15100, 112, 108 రాయించండి. అక్టోబర్ 1 వృద్ధుల దినోత్సవానికి, డిసెంబర్ 24 వినియోగదారుల దినోత్సవానికి న్యాయసేవాధికార సంస్థ నుంచి పారా లీగల్ వాలంటీర్‌ను (చట్టం సంగతులు చెప్పి సాయపడే మనిషిని) పిలవమని మేనేజర్‌నే అడగండి. మంచి హోమ్ అయితే సంతోషంగా పిలుస్తుంది.

వెళ్లిపోయేటప్పుడు

హోమ్ మారినా, ఇంటికి వచ్చేసినా, ఖాళీ చేస్తున్నామని ఒప్పందంలో రాసిన గడువు ప్రకారం ముందే రాసివ్వండి. మెడికల్ ఫైలు, ఆధార్, ఇన్సూరెన్స్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు మొత్తం ఒరిజినల్స్ చేతికి తీసుకోండి. డిపాజిట్ లెక్క కాగితం మీద వేయించుకోండి. "బకాయిలు ఏమీ లేవు" అన్న కాగితం మీద డబ్బు ఖాతాలో పడ్డాకే సంతకం పెట్టండి. ఎన్‌టీఆర్ భరోసా పెన్షన్ వస్తుంటే కొత్త చిరునామా సంగతి సచివాలయంలో చెప్పండి. మనిషి చనిపోతే డిపాజిట్ కోసం వారసులే వినియోగదారుల ఫిర్యాదు వేయవచ్చు. దానికి మరణ ధృవీకరణ పత్రం, వారసుల ధృవీకరణ పత్రం, ఒప్పందం కాపీ, రసీదులు కావాలి.